దిండు కింద సున్నుండలు

ఒక్క చిన్న అబద్ధంతో మనిషి ఎంత గొప్ప గందరగోళం సృష్టించుకోగలడో చూడాలనుకునేవారు నా సంగతి వినాలి. ఆ అబద్ధం పుణ్యమా అని నేను బతికుండగానే మా అక్క నా మీద ఆశ వదిలేసుకుంది. లాభపడింది మా ఇంటి చీమలు మాత్రమే.

నేను విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. అప్పట్లో నేను బోర్డు ముందు నిలబడితే పిల్లలకి సగం లెక్క కనిపించేది కాదు. "సార్, కాస్త జరగండి" అనేవాళ్లు. జరిగితే మిగతా సగం దాగిపోయేది. ఇది చెప్పుకుని నవ్వుకోడానికి బాగానే ఉంటుంది గానీ, మోకాళ్ల నొప్పులూ, షుగరూ, పడుకుంటే ఊపిరాడకపోవడమూ నవ్వు తెప్పించేవి కావు. చివరికి బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాను. పొట్టలో ముప్పాతిక భాగం తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత గొట్టంలా కుట్టారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు గట్టిగా చెప్పిన మాట ఒకటే. కొన్నాళ్లు పల్చటి నీళ్లే తాగాలి, అవీ గుక్కగుక్కగా తాగాలి. ముద్దన్నది నోట్లోకి పోకూడదు.

ఈ సంగతి నా భార్య సరళకి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. సిగ్గండీ మరి. నోరు కట్టుకోలేక పొట్ట కోయించుకున్నాడని నవ్వుతారు కదా. అందుకని చుట్టాలందరికీ గాల్ బ్లాడర్‌లో రాళ్లని చెప్పాను. రాళ్లు గౌరవమైన జబ్బు. ఎవరికైనా రావచ్చు, విన్నవాళ్లు అయ్యో అంటారు.

"కనీసం వదినకైనా నిజం చెప్పండి" అంది సరళ.

"తగ్గాక చెబుదాంలే" అన్నాను.

సరళ చెప్పిన వదిన మా అక్క. హనుమాన్ జంక్షన్‌లో ఉంటుంది. నా చిన్నప్పుడే అమ్మ పోతే నన్ను పెంచింది అక్కే. పెంచడమంటే ఆవిడ దృష్టిలో పెట్టడం. నేను ఏడిస్తే పెట్టేది, నవ్వితే పెట్టేది, పరీక్ష తప్పినా పాసైనా పెట్టేది. బావ పోయి అప్పటికి ఏడాది దాటింది. కడుపులో కేన్సర్ ఆయనకి. అప్పట్నుంచి ఆ ఇంట్లో అక్క వంట తినేవాళ్లు లేరు. అలాంటి మనిషికి తమ్ముడి ఆపరేషన్ కబురు అందితే ఊరుకుంటుందా? నేను ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే, ఒక చేత్తో కేరియరూ ఇంకో చేత్తో సున్నుండల డబ్బా పట్టుకుని ఆటో దిగింది.

నా చేతిలో మందుసీసా మూతంత కప్పు చూసి ఆగిపోయింది.

"అదేంట్రా?"

"చారు నీళ్లక్కా. వడకట్టి ఇచ్చింది సరళ."

"మా ఎదురింటావిడకీ రాళ్లే తీశారు. ఇంటికి రాగానే ఇడ్లీలు తింది, ఆ వారంలోనే పులిహోర తింది. నీకేం వచ్చింది?"

"డాక్టరు వద్దన్నాడే."

"డాక్టరుకి నీ రాళ్లు తెలుసు. నీ ఆకలి నాకు తెలుసు."

సరళ స్కూల్లో టీచరు. ఆమె అటు బడికి వెళ్లిందో లేదో, ఇటు అక్క పప్పన్నంలో నెయ్యేసి వెన్నలా కలిపి ముద్ద నా నోటి ముందు పెట్టింది. ఆ చెయ్యి వద్దనడం నాకు పుట్టిన దగ్గర్నుంచీ అలవాటు లేదు. మింగాను. అది కిందికి పోలేదు, పైకి రాలేదు, సరిగ్గా గుండెల మధ్య బైఠాయించింది. ఒళ్లంతా చెమటలు పట్టాయి.

"ఎలా ఉంది?" అంది అక్క ఆశగా.

"బ్రహ్మాండం" అని చెప్పి, గోడ పట్టుకుని బాత్రూంలోకి వెళ్లి, చప్పుడు వినపడకుండా కుళాయి తిప్పి కక్కుకున్నాను. కుట్లన్నీ ఊడిపోయాయనుకున్నాను. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. కానీ బయటికొచ్చేసరికి అక్క మొహంలో ఏడాదిగా కనపడని వెలుగు కనిపించింది. దాన్ని ఆర్పబుద్ధి కాలేదు.

"ఇక నుంచి నేనే కలుపుకుని తింటాలే అక్కా, పక్కన పెట్టి వెళ్లు" అన్నాను.

ఫిజిక్స్ మాస్టారి తెలివి చూడండి. అన్నం కూరా మంచం కింద కవర్లోకి పోయేవి. సాయంత్రం సరళ దాన్ని చెత్తబండిలో వేసేది. "ఆవిడ మోకాళ్ల నొప్పితో నిలబడి వండుతోంది. మీరు కవర్లో వేస్తున్నారు. పాపమండీ" అనేది. పాపమేనని నాకూ తెలుసు. వంటింట్లోంచి తాలింపు వాసన వస్తుంటే దుప్పటి కప్పుకుని ఏడ్చాను కూడా. ఆకలేసి కాదు. అక్కకీ నాకూ మధ్య ఉన్న మాటలన్నీ తిండి మాటలే, ఇక మేం ఏం మాట్లాడుకుంటాం అని ఏడుపొచ్చింది.

సున్నుండల్ని మాత్రం కవర్లో వెయ్యడానికి చెయ్యి రాలేదు. అక్క ఇచ్చినవి ఇచ్చినట్టు దిండు కిందికి తోసేశాను. మినప్పిండి, బెల్లం, నెయ్యి. వాటి మీద పడుకుని, నాకంటే తెలివైనవాడు కృష్ణా జిల్లాలోనే లేడనుకున్నాను.

చీమలు అలా అనుకోలేదు. ఒక మధ్యాహ్నం దుప్పటి మార్చడానికొచ్చిన అక్కకి కిటికీ నుంచి నా తల దాకా బారులు తీరిన చీమలు కనిపించాయి. దిండు ఎత్తింది. తిడుతుందని తల వంచుకుని కూర్చున్నాను. తిట్టలేదు. మెల్లగా కుర్చీలో కూలబడింది.

"ఎన్నాళ్లు అన్నారురా?" అంది.

"ఏంటక్కా?"

"డాక్టర్లు. నీకు ఎన్నాళ్లు టైమిచ్చారు?"

వంచిన తల ఎత్తి చూశాను.

"మీ బావకి మనం గ్యాస్ అని చెప్పాం. ఆయన నమ్మినట్టే ఉన్నాడు. పెట్టిందంతా తిన్నాననేవాడు. పోయాక మంచం జరిపితే, కాయితాల్లో చుట్టిన అన్నం ముద్దలు ఎండిపోయి ఉన్నాయి. నేను బాధపడతానని దాచుకున్నాడు. ఇప్పుడు మీరు నాకు రాళ్లని చెబుతున్నారు. నాకు తెలీదనుకున్నారా?"

ఆ ముద్దల సంగతి అక్క అంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నేను మంచం దిగి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చోబోయాను, పొట్ట మీది కుట్లు ఒప్పుకోలేదు. అందుకని మంచం మీదే కూర్చుని, కేన్సర్ కాదక్కా, రాళ్లూ కాదక్కా అంటూ జరిగిందంతా చెప్పాను. ఆస్పత్రి వాళ్లిచ్చిన పొట్ట బొమ్మ చూపించాను. అక్క మీద ఒట్టేశాను. అయినా నమ్మక సరళకి ఫోన్ చేసి అడిగింది. నమ్మాక కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. అది నా కోసం కాదు. బావ కోసం ఏడాదిగా ఆగిపోయిన ఏడుపు.

తర్వాత ముక్కు తుడుచుకుని అడిగింది.

"ఎంత కోసేశారు?"

"ముప్పాతిక."

"అది నేను పెంచిన పొట్టరా. కోసే ముందు నాకొక్క మాట చెప్పొద్దా?"

అక్క లేచి వంటింట్లోకి వెళ్లి చారు కాచి, వడకట్టి, చల్లార్చి తెచ్చి, చిన్న చెంచాతో నోట్లో పోసింది. "మీ బావకీ ఇలాగే పోశాను. అప్పుడు ఎందుకు పోస్తున్నానో తెలిసేది కాదు. ఇప్పుడు నువ్వు లేచి తిరగడానికి పోస్తున్నాను" అంది. ఇంకా ఏడుస్తూనే ఉంది, కానీ చెంచా తొణకలేదు.

కాబట్టి పాఠకులారా, నా మిగిలిన పావు పొట్ట మీద ఒట్టేసి ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ జబ్బుకీ దొంగపేరు పెట్టను. నా ఒంట్లోంచి ఏది తీయించుకోవాలన్నా, అది పిప్పిపన్నయినా సరే, ముందు హనుమాన్ జంక్షన్ వెళ్లి మా అక్క అనుమతి తీసుకుంటాను.