సైప్రస్ మోడుకు నీళ్లు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ పట్టదు, అందరికీ కత్తెరత్తే. ఇంటి వెనక నర్సరీ, చేతిలో ఎప్పుడూ కత్తెర, నోటి నిండా తిట్లు. పూయని గులాబీకి ఎదురుగా నిలబడి, తిన్న ఎరువంతా ఏం చేశావే అని నిలదీసేది. మనుషులకైతే అంత ముద్దుగా కూడా పడేవి కావు.

ఒక చలికాలం ఆవిడ జ్వరంతో మంచమెక్కింది. అత్తగారి చేత శభాష్ అనిపించుకోవాలని కొత్త కోడలు కత్తెర పట్టింది. గులాబీల్ని అత్తగారు మొదలుదాకా కోసేయడం, అవి మళ్లీ గుబురుగా రావడం ఆ పిల్ల కళ్లారా చూసిందే. వాటిని అలాగే కోసి, అదే ఊపులో పోయిన మామగారు గేటు పక్కన నాటిన సైప్రస్‌నీ పచ్చరెమ్మ మిగలకుండా కోసిపారేసింది!

లేచొచ్చి చూసిన కత్తెరత్త గేటు దగ్గరే ఆగిపోయింది. గులాబీ ముదురు కొమ్మలోంచైనా చిగురేస్తుంది. సైప్రస్ అలా కాదు, ఆకులేని కొమ్మదాకా కోస్తే ఇక చిగురన్న మాటే ఉండదు. తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా కోడలు, బాగుందా అన్నట్టు చూస్తోంది. చెబితే ఈ పిల్ల జన్మలో కత్తెర ముట్టదు, తన మొహంకేసి తలెత్తి కూడా చూడదు. చిగురేస్తుందేమో చూద్దాంలే అంది పైకి.

గులాబీలు ఎర్రగా చిగిర్చి మొగ్గ తొడిగాయి. సైప్రస్ మోడు ఎండిపోయింది. కోడలు మాత్రం రోజూ దానికి చెంబుడు నీళ్లు పోస్తూనే ఉంది. పిచ్చితల్లికి ఇంకా ఆశ చావలేదని అత్తగారు అనుకునేది. ఒక ఉదయం ఉండబట్టలేక దగ్గరికెళ్లింది.

"ఇక పొయ్యకమ్మా. అది బతకదు."

"తెలుసత్తయ్యా," అంది కోడలు. "మొక్కలు కొనడానికొచ్చిన తోటమాలి ఎప్పుడో చెప్పాడు."

"మరి ఈ నీళ్లెందుకే?"

"మీరేమో చూద్దాం అన్నారు. మామయ్యగారి చెట్టు కదా. మీ ఆశ కూడా నా చేత్తోనే తుంచలేకపోయాను."

భర్త పోయినప్పుడు కూడా పదిమందిలో కన్నీరు పెట్టని మనిషి, కోడలి భుజం పట్టుకుని బావురుమంది. ఆ పిల్ల కంగారుగా చెట్టు గురించే ఓదార్చబోతుంటే అత్త తల అడ్డంగా ఊపింది.

"చెట్టు కోసం కాదే. ఆయన నిన్ను చూడకుండానే పోయారు."