నెమలీకలు ఏరుకున్న చేను

నిన్న పెనుకొండ బస్టాండులో ఒక కోతి నా చేతిలోని చెనక్కాయల పొట్లం లాక్కుపోయి, ఎదురుగా గోడమీద కూర్చుని వలుచుకు తినింది. మనవరాలు రాయి అందుకుంది.

"వద్దులే పాపా, తిననీ" అన్నాను.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, చెనక్కాయ విత్తనం వేసిన చేనికి నన్ను కాపలా పెట్టారు. కోతి కనబడితే చాలు, డబ్బా వాయించి కొండదాకా తరిమేదాన్ని. నెమళ్లు వస్తే మాత్రం అలికిడి లేకుండా కూర్చునేదాన్ని. అంత అందమైన పక్షి దొంగతనం చేస్తుందని నాకెలా తెలుస్తుంది? అవి పోయాక ఈకలు ఏరుకునేదాన్ని.

మొలకలొచ్చే నాటికి సాళ్లలో సగం ఖాళీ. నాయన మట్టి గోకి చూశాడు. గింజ లేదు.

"కోతులొచ్చినాయేమే?"

"ఒక్కదాన్నీ రానీలేదు నాయనా."

"మరి జడలో అవేందే?"

గర్వంగా తల తిప్పి ఈకలు చూపించాను. నాయన గట్టుమీద కూలబడ్డాడు.

తినడానికి దాచుకున్న కాయలు అమ్మ వలిచిచ్చింది. మళ్లీ విత్తాం. ఆ ఏడంతా రాగిముద్దలోకి చెనక్కాయలు నూరి చేసే ఊరిబిండి లేదు. తమ్ముడు అడిగి ఏడ్చినప్పుడల్లా అమ్మ, "కోతులు తినిపోయినాయి నాయనా" అనేది.

ఆ మాట నేనెప్పుడూ కాదనలేదు.