రాతిపొడి మీద గడ్డి

కిందటేడు తొలి ఏకాదశి నాడు పొదిలి నుంచి ఒంగోలు వెళ్లే బస్సు ఎక్కాను. ఆ రోజు నాకు ఉపవాసం. నా పక్కన ఒకావిడ కోళ్ల పెంట మూట కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చుంది. మూట పాతిక కిలోలకు తగ్గదు, పైగా వానకు తడిసింది. ఖాళీ కడుపు మీద ఆ కంపు భరించలేక కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

"ఏమ్మా, ఇది బస్సా, పెంటదిబ్బా?" అన్నాడు కండక్టరు.

"క్వారీవాళ్లు నా చేలో రాతిపొడి పోశారయ్యా. అందులో గేదెకు గడ్డి మొలిపించాల. నిరుడు పచ్చిపెంట చల్లితే జొన్న మాడిపోయింది. ఈసారి పత్తికట్టె నరికి, కలిపి మాగబెడుతున్నా."

ముందు సీటులోని ఇస్త్రీ చొక్కా ఆయన వెనక్కి తిరిగాడు. "చచ్చిన నేలమ్మా అది. వాళ్లకే అమ్మెయ్యి. గేదెను కూడా తోలేస్తే పీడా పోద్ది."

"ఈ కంపు మాగితే పోద్దన్నా. ఆ పొడికి వాసనే లేదు. అందుకే అది పోస్తుంటే ఊళ్లో ఒక్కడూ ముక్కు మూసుకోలా."

ఆయన నవ్వాడు. నాకు మూట కంటే ఆ నవ్వే ఎక్కువ రోత పుట్టించింది.

క్వారీ దగ్గర ఆవిడ లేచింది. మూటకు ఎవరూ చెయ్యి వెయ్యలేదు. రెండో కొస నేను పట్టుకున్నాను. మురికినీళ్లు మోచేతి దాకా కారాయి. ఆవిడ దిగి, మూటను బూడిదరంగు దిబ్బల వైపు ఈడ్చుకుపోయింది.

"ఇటు రండి పెద్దమ్మగారూ, ఇక్కడ కంపు లేదు" అంటూ ఇస్త్రీ చొక్కా ఆయన పక్కకు జరిగాడు.

"నాకిక్కడే బాగుంది" అన్నాను.