ఖాళీ డబ్బా బరువు

నిన్న రెండు కిలోలు నన్ను ఎన్ని తిప్పలు పెట్టినయో చెప్త, చాయ్ ఒలకకుంట వినుండ్రి!

మీకు ఎరుకే గద, ఆర్నెల్ల కింద నాకు హార్ట్ ఫెయిల్యూర్ అన్నరు. నాలుగడుగులేస్తే ఆయాసం. పండుకుంటే ఊపిరాడక కూసోనే నిద్ర. గోలీలు, ఉప్పు తక్కువ, నీళ్లు కొలిచి తాగుడు... మెల్లగ తేరుకున్న. గిప్పుడు మా ఆలూరు చేన్ల ఈ గట్టు నుంచి ఆ గట్టు దాక నడుస్తున్న. నిన్న నేనే పోయి చేవెళ్ల మార్కెట్ల టమాట అమ్మాలని ఎంత ఆశపడ్డనో!

మూడ్నెల్ల కింద డాక్టర్ ఒక షరతు పెట్టిండు. రోజూ పొద్దుగాల బరువు చూసుకోవాలె. రెండ్రోజులల్ల రెండు కిలోలు పెరిగితే ఒంట్ల నీరు చేరుతున్నట్టు. మాకు వేరే మిషన్ ఎందుకు? టమాట తూకమేసే కాంటా ఉన్నది గద!

నిన్న నేను అంగీ మార్చుకునే లోపల మా ఆమె యాదమ్మ కాంటా ఆన్ చేసి పెట్టింది. ఎక్కిన. అరవై ఎనిమిది! మొన్నటిదాక అరవై ఆరే.

"ఓ అయ్యో, నీరు చేరింది!"

"నాకు మంచిగనే ఉన్నది యాదమ్మా, మార్కెట్‌కు టైమైతుంది!"

"నోర్ముయ్యి! దవాఖానకు నడువు!"

కొడుకు శీను టమాటలతోనే ట్రాలీ ఆటో దవాఖానకు తిప్పిండు. నిజం చెప్త, నాకూ భయమైంది. మళ్ల ఆ మంచానికే పోతనా అని.

నర్సమ్మ కాళ్లు నొక్కి చూసింది. వాపు లేదు. ఆయాసం లేదు. వాళ్ల కాంటా ఎక్కిచ్చింది. అరవై ఎనిమిది. నా బుక్కు తిప్పింది.

"పోయిన నెల గూడ ఇక్కడ అరవై ఎనిమిదే బాపు. అప్పుడేమన్నవ్ నాతోని?"

ఏమన్న? "సిస్టర్, మీ కాంటా రెండు కిలోలు ఎక్కువ కొడ్తది, ముప్పై ఏండ్ల సంది తూకాలు చూస్తున్నోన్ని" అని దబాయించిన!

"ఇంట్ల ఎట్ల చూసుకుంటవో చెప్పు."

"ఏమున్నది? ఆన్ చేస్త. టమాటల ఖాళీ డబ్బా పెడ్త. జీరో కొడ్త. డబ్బా దించుత. నేను ఎక్కు..."

అప్పుడు సమజైంది. టమాట తూచే అలవాటు! మూడ్నెల్ల సంది రోజూ నా బరువులకెళ్లి డబ్బా బరువు రెండు కిలోలు తీసేస్తున్న. యాదమ్మకు ఆ అలవాటు లేదు, అందుకే నిన్న అసలు బరువు బయటపడ్డది.

"గుండె మంచిగున్నది బాపు, మార్కెట్‌కు పో. రేపటి సంది డబ్బా పెట్టకుంట ఎక్కు" అన్నది నర్సమ్మ, నవ్వాపుకుంట.

పోయేసరికి మార్కెట్ సగం ఖాళీ. పైనుంచి వ్యాపారి ఖాళీ డబ్బా బరువు కింద డబ్బాకు మూడు కిలోలు తీస్తనన్నడు. నాకు మండింది.

"రెండే! డబ్బా బరువెంతో నాకు తెల్వదా?"

ఎనక నుంచి యాదమ్మ అన్నది: "ఆయనకు తెల్వకుంటెట్ల అన్నా, మూడ్నెల్ల సంది ఒంట్లకెళ్లే తీస్తుండు! నమ్మకుంటే దవాఖాన బుక్కు చూడు!"