కాటుకతో తీసిన కొంగ

నేను కెనడాలోని సార్నియాలో కాలేజీకి వచ్చేనాటికి ఆ ఊరంతా మనవాళ్ళే. మాకు బేస్‌మెంట్ అద్దెకిచ్చిన కెనడియన్ ముసలాయన్ని అంకుల్ అని పిలిస్తే మొదట తికమకపడ్డాడు, తర్వాత అలవాటుపడ్డాడు. ఆ దేశపు ఉత్తరాది అడవుల్లో సర్వే పని చేసిన రోజుల్లో ఎలుగుబంట్ల భయానికి, పర్మిట్ తీసుకుని, నడుముకు రివాల్వర్ కట్టుకుని తిరిగేవాడట. దాని ఉక్కు మీద రెల్లుగడ్డిలో నిలబడ్డ కొంగను చెక్కింది ఆయన భార్య. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

ఒక ఆదివారం గుళ్ళు తీసేసి దాన్ని బల్ల మీద పెట్టాడు. గీతల నిండా తుప్పు చుక్కలు. మెషీన్ పాలిష్ పట్టిస్తానన్నాడు. మా రూమ్మేట్ ఇంకో అడుగు ముందుకేసింది.

"పాలిష్ ఎందుకే? చింతపండు పెట్టి తోమితే అయిపాయె. మా పూజ సామాన్లు గట్లనే మెరుస్తయి."

నాకు ఒళ్ళు మండింది. పెంబర్తిలో ఇత్తడి రేకుల మీద నగిషీలు చెక్కే ఇంట్లో పుట్టినదాన్ని, ఊరుకుంటానా? ఇద్దరికీ కలిపి క్లాసు పీకాను. పాలిష్ పడితే తుప్పుతోపాటు కొంగ ఈకలూ పోతాయి, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. తోలు ఒరలో అసలే ఉంచకూడదు, అది చెమ్మ పీల్చి ఉక్కుకు అంటిస్తుంది. మెత్తటి బ్రష్షు, తుపాకీ నూనె ఉంటే చాలు. జీవితమంతా దాన్ని మోసినవాడికి ఇవన్నీ చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే, అయినా నేర్పాను. ఆయన బుద్ధిగా విన్నాడు.

తుప్పు వదిలాక కొంగ బయటపడింది. ఆయన ముఖం మాత్రం వాడిపోయింది.

"ఏం లాభం? రివాల్వర్లు చేతులు మారకూడదని కొత్త రూల్స్ వచ్చాక దీన్ని నా కూతురి పేరు మీదికి మార్చలేను. మార్చగలిగినా తను తుపాకీని గడప తొక్కనివ్వదు. వాళ్ళమ్మ చేతిపనిలో మిగిలింది ఇదొక్కటే."

నాకు బాధేసింది. కానీ దారి తెలుసు. మా ఇంట్లో చెక్కిన పనికి నకలు దాచుకోవాలంటే గీతల్లో మసి నింపి కాగితం మీద అచ్చు తీస్తారు. అమ్మ చేసిచ్చిన కాటుక డబ్బా తెచ్చి గీతల్లో నింపాను. పైపైన అరచేత్తో తుడిచి, తడి కాగితం పరిచి బొటనవేలితో గట్టిగా అదిమాను. కాగితం లేపితే కొంగ ఈకలతో సహా దిగింది. నా పని అంటే మాటలా!

తర్వాతి వారం మార్కమ్ నుంచి కూతురు వచ్చింది. తుపాకీ అన్న కోపంతో ఏనాడూ దాని దగ్గరికే పోలేదట. అచ్చును మాత్రం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది.

"కాలి దగ్గర ఈ గీత పక్కకు జారిందేంటి?" అని అడిగింది.

"అది నువ్వే. చెక్కుతుంటే కడుపులోంచి తన్నావు" అన్నాడాయన. "సరిచేసుకోమంటే మీ అమ్మ ఒప్పుకోలేదు."