పువ్వు లేని ఖర్జూరం

మీరు అమ్మిన వస్తువు మీరు చెప్పినది కాదని తెలిస్తే, కొన్నవారి గడప మళ్లీ ఎక్కుతారా? ఫిర్యాదు వచ్చాకే బదులు వెదుక్కోవడం మనలో చాలామందికి అలవాటు. అందుకే ఎల్లారెడ్డిలో మొక్కలమ్మే సత్తార్ గురించి చెప్పాలి.

సత్తార్ పదకొండేళ్లు గల్ఫ్‌లో ఖర్జూర తోటలో పనిచేశాడు. మగచెట్టు పుప్పొడిని ఆడచెట్టు పూగుత్తుల మీద చేత్తో చల్లడం అక్కడ అతని పని. తిరిగివచ్చి కామారెడ్డి రోడ్డు పక్కన నర్సరీ పెట్టాడు. మొదటి లోడులో పేరు చీటీ లేని మొక్కలు ఏడు దిగాయి. పొట్టి మొద్దు, చుట్టూ ఈత మట్టల వంటి ఆకులు. "పొట్టి ఖర్జూరం, చూడంగనే గుర్తువట్టిన" అన్నాడు. ఏడిళ్లవాళ్లు నమ్మి కొన్నారు. ఊరు అతనికి ఖర్జూరం సత్తార్ అని పేరు పెట్టుకుంది.

తొలి మొక్క బీడీలు చుట్టే భూదవ్వ వాకిట్లో పెరిగింది. తొమ్మిదేళ్లకు, నిరుడు వానల మొదట్లో, దాని నడినెత్తిన నూగుతో నిండిన బంతివంటి ముద్ద లేచింది. మరో ఇంటి మొక్కకు మక్కకంకి వంటి పసుపు కంకి వచ్చింది. సత్తార్ ఆ కంకి మీది పొడి తెచ్చి, గల్ఫ్‌లో నేర్చిన పద్ధతిలోనే భూదవ్వ చెట్టు ముద్ద మీద చల్లాడు. చలికాలానికి ఎర్రటి కాయలు నిండాయి.

"రంజాన్ మొదటి దినం మసీదుకు నా చెట్టు పండ్లే పోవాలె" అని భూదవ్వ వాడంతా చెప్పింది. బుట్ట కడిగి ఎండబెట్టింది కూడా.

నెలవంకకు రెండు రోజుల ముందు, కామారెడ్డిలో ఇంటర్ చదివే ఆమె మనవరాలు హారిక ఒక ఎర్రకాయతో నర్సరీకి వచ్చింది.

"చాచా, ఇది పండు కాదు. ఖర్జూరం పువ్వు పూస్తది, ఆ పువ్వు కడుపుల విత్తనం పెరుగుతది, కడుపే పండయితది. దీనికి పువ్వే లేదు. విత్తనం ఆకు అంచున బయటనే కూసున్నది. ఈ ఎర్ర తోలు గూడ విత్తనానిదే."

"మరి నేను చల్లిన పుప్పొడి?"

"అది పువ్వుది కాదు, ఆ పసుపు కంకిది. దాన్ని శంకువు అంటరు. దీని పేరు సైకస్. తింటే విషం చాచా."

సత్తార్ కాయను తీసుకుని తిప్పి చూశాడు. "అవ్వకు చెప్పినవా?"

"చెప్పిన. 'సత్తార్ అరబ్బు దేశంల చేసొచ్చిండు, నువ్వు బస్సెక్కి కామారెడ్డి పోయొచ్చినవ్, ఎవల మాట వినాలె' అంటది."

కాయలన్నీ తెంపి పారేసి, నేరం కోతుల మీద వేయవచ్చు. ఆ ఆలోచన తనకు వచ్చిందని సత్తార్ తానే తర్వాత ఒప్పుకున్నాడు. కానీ కోతులు మరుసటి ఏడాది కాయలనూ తెంపుతాయా? అతను కత్తి, దుకాణంలో కొన్న రెండు ఖర్జూరాలు తీసుకుని భూదవ్వ వాకిట్లోకి నడిచాడు.

బీడీలు చుట్టే ఆడవాళ్ల ముందే ఖర్జూరాన్ని చీల్చి, గింజ చుట్టూ ఉన్న కండను చూపించాడు. తర్వాత ఎర్రకాయను కోశాడు. పలుచని తోలు కింద గట్టి పెంకు తగిలింది.

"అవ్వా, పువ్వు లేని చెట్టును పండు అడిగిన. తప్పు నాది. చెట్టు ఉండనీ, గింజ ఎవ్వలు నోట్ల పెట్టొద్దు."

భూదవ్వ చేతిలోని తునికాకును చేటలో పడేసింది.

"తొమ్మిదేండ్లు నీళ్లు పోపిచ్చినవ్ గదరా. ఊరందరికి చెప్పుకున్న. ఇగ కడిగిన బుట్టల ఏం పంపాలె?"

"నీ జామచెట్టు ఉన్నది గదా. అది పువ్వు పూసింది, నా కండ్లతోని చూసిన."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "మరి తక్కిన ఆరిండ్లకు ఎవలు చెప్తరు, ఖర్జూరం సత్తారూ?"

ఆ ఇళ్లవాళ్లెవరూ అతన్ని పిలవలేదు, నిలదీయలేదు. అయినా భూదవ్వ చెట్టు గింజలన్నీ తెంపి సంచిలో పోసి కట్టాడు. నెలవంక కనబడేలోగా కామారెడ్డి దాకా ఉన్న ఆ ఆరిళ్లకూ వెళ్లి, ప్రతి వాకిట్లో ఒక గింజ కోసి చూపి, తన నోటితోనే చెప్పాలని నిర్ణయించుకున్నాడు.