ఇంటి ఓనరుకి పంపిన కోసంబరి

పోయిన నెల ఏం జరిగిందో తెలుసా? మా ఇల్లు కొంచెంలో చేజారిపోయేదప్పా! అదీ ఒక గిన్నెడు కోసంబరి వల్ల. నవ్వకండి, టీ తాగుతా వినండి.

మేముండేది బంగారు గనుల పక్కనుండే రాబర్ట్‌సన్‌పేటలో, రామ్మూర్తి సారు ఇంట్లో, మేడ మీద. ఆయన గని ఆఫీసులో క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. ఇల్లు చూపించిన రోజే ఆయన భార్య లలితమ్మ చెప్పేసింది: "కోడీ గీడీ వండినారంటే అదే పూట సామాను బయటుంటుంది." మేము భక్తిగా తలూపినాము. గాలి, వెలుతురు, బాల్కనీ! ఆ అద్దెకి అట్లాంటి ఇల్లు ఇంగ యాడ దొరుకుతుంది?

తలూపినాము సరే, ఆదివారం వస్తే నాలుక ఊరుకుంటుందా? అందుకని చికెన్ నా కంపెనీ లంచ్ బ్యాగులో పైకొస్తుంది. కిటికీలన్నీ మూసి, సాంబ్రాణి పొగ వేసి, టీవీ సౌండ్ పెంచి వండుతాము. అనుమానం రాకూడదని మా ఆవిడ గీత కోసంబరి చేసి కిందికి పంపుతుంది. నానబెట్టిన పెసరపప్పు, పచ్చి కీరకాయ, కొబ్బరి, నిమ్మరసం కలిపేదే, పొయ్యి పనే లేదు. ఇంత శాకాహారం పంపేవాళ్ళని ఎవరైనా అనుమానిస్తారా!

ఆ వారం ఎవరో నా ఫోనుకి ఒక మెసేజ్ పంపినారు. షాపు చికెన్‌లో యాంటీబయాటిక్‌లకి కూడా చావని బాక్టీరియా ఉండాదంట! నేను ఇక్కడికి దగ్గర్లోనే నరసాపురంలో బైకుల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ని. నట్టు మీద మరక కనబడితే బండినే వెనక్కి పంపేవాణ్ణి, నా వంటింట్లోకి బాక్టీరియానా? "నువ్వు జరుగు, నేను కడుగుతాను" అన్నాను గీతతో. బైకు కడిగే పైపు తెచ్చి సింకు కొళాయికి తగిలించినాను. ముక్కల మీద ఫుల్ ఫోర్సుతో కొట్టినాను. ఒక రెక్క లేచిపోయి గోడకి తగిలింది! నీళ్ళు నా కళ్ళద్దాల మీద, స్టవ్ మీద, అన్నింటి మీదా చిందినాయి.

"ఏమండీ, పక్కన కీరకాయ తరిగి పెట్టినాను!" అని అరిచింది గీత.

"నీళ్ళే కదా, ఏం కాదులే" అన్నాను. ఇన్‌స్పెక్టర్ని కదా, పాస్ చేసేసినాను.

మేము చికెన్ లాగించి పడుకున్నాము. కోసంబరి అంతా కిందికి పోయింది. లలితమ్మకి ఆ రోజు ఉపవాసం, ముట్టలేదు. గిన్నె మొత్తం రామ్మూర్తి సారే ఖాళీ చేసినాడు.

ఇంగ చూడండి! సారుకి జ్వరం, విరేచనాలు. మెడికల్ షాపులో ఎప్పుడూ కొనే యాంటీబయాటిక్ మాత్రలే కొని మింగినాడు. తగ్గలేదు. ఇంకో రకం మింగినాడు. అదీ తగ్గలేదు. గోడ పట్టుకోని నడిచేంతగా వడిలిపోయినాడు. నాకు నిజంగా భయమేసింది. ఆటో పిలిచి, ఆయన్నీ లలితమ్మనీ డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయినాను. డాక్టరు టెస్టులు చేయించి, మళ్ళీ రమ్మన్న రోజు ముగ్గురమూ పోయినాము.

"ఇది మొండి బాక్టీరియా సార్" అన్నాడు డాక్టరు. "మీరు మింగిన మాత్రలకి చావదు. చానా ఫారాల్లో కోళ్ళకి జబ్బున్నా లేకపోయినా ఇట్లాంటి మందులే పోస్తా ఉంటారు. మన జనం జలుబు చేసినా ఇవే మింగుతారు. ఆ బాక్టీరియాకి అన్నీ అలవాటైపోయినాయి. వేరే మందు ఇస్తాను, తగ్గుతుంది. అవునూ, చికెన్ తిన్నారా?"

"శివ శివా!" లలితమ్మ చెవులు మూసుకుంది. "మా ఇంట్లోకి గుడ్డు కూడా రాదు!"

"తినాల్సిన పనే లేదమ్మా. బాగా ఉడికితే అది చచ్చిపోతుంది. పచ్చి చికెన్ని కడిగితేనే గొడవ. ఆ నీళ్ళు చింది పక్కనుండే కీరకాయ మీద పడినా చాలు."

కీరకాయ! డాక్టరు నోట్లోంచి వేరే కూరగాయ రాకూడదా? రామ్మూర్తి సారు నెమ్మదిగా నా పక్కకి తిరిగినాడు. నేను ఫ్యాను వైపు చూసినాను. సామాను, టెంపో, వీధిలో నిలబడిన గీత, అన్నీ కళ్ళ ముందు తిరిగినాయి.

సారు గొంతు సవరించుకున్నాడు. "నేనే తిన్నాను. బజార్లో కబాబు."

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అంతటితో నోరు మూసుకోవచ్చు కదా? మూసుకుంటే నేనెందుకవుతాను! "ఏంది సార్, ఈ వయసులో ఈ పాడు తిండి? మమ్మల్ని చూసైనా నేర్చుకోకూడదా?" అని క్లాసు పీకినాను.

లలితమ్మ కళ్ళు తుడుచుకుంది. "చూడండి, అద్దెకుండే పిల్లోడికి ఉండే బుద్ధి మీకు లేదు!"

ఆమె మందులు కొనేదానికి పోగానే సారు నా చెయ్యి పట్టుకున్నాడు.

"కబాబు తినింది నిజమే అప్పా, గానీ అది ఎప్పుడో దీపావళికి ముందు. ఈ పని మీ కోసంబరిదే. ప్రతి ఆదివారం సాంబ్రాణి ఏ దేవుడికి వేస్తా ఉండారో నాకు తెలీదనుకున్నావా? రిటైరైంది నేను, నా ముక్కు కాదు."

"ఇల్లు ఖాళీ చేయాల్నా సార్?"

"ఎందుకప్పా? ఇంగ మీద ఆ కోసంబరి మాత్రం పంపొద్దు. ప్రాణం తీస్తుంది. ఉడికిందే పంపు."

పంపే అవసరం కూడా లేకుండా పోయింది. నా ఉపన్యాసానికి మురిసిపోయిన లలితమ్మే ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని పైకి తోలుతుంది, "పోయి ఆ అబ్బాయి దగ్గర నాలుగు మంచి మాటలు వినండి" అని. శిష్యుడు వస్తాడు, తలుపు గడియ పెడతాడు, ప్లేటు ముందు కూర్చుంటాడు. రెండు లెగ్ పీసులూ ఆయనకే. గురువుకి మెడ.

ఊరికే తింటాడా? ముక్క తుంచి, వెలుగుకి పట్టి, ఉడికిందా లేదా చూసి, క్వాలిటీ ఇన్‌స్పెక్టర్నైన నన్ను అడుగుతాడు:

"కడగలేదు కదప్పా?"